బాకీ అడిగితే బేరమంటారా?

"డబ్బులు తీసుకున్నారుగా, ఇంకేం న్యాయం?"

కారంచేడు గురించి, చుండూరు గురించి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరితో మాట కలిపినా చివరికి ఈ వాక్యం దగ్గరికి వచ్చి ఆగుతుంది. టీ బంకు దగ్గర ఈ మాట అనేవాళ్ల సంగతి అలా ఉంచుదాం. వాళ్ల కులమేమిటో, వాళ్ల కోపమేమిటో మనకు తెలుసు. నా పేచీ మనవాళ్లతోనే. ఇదే మాట సెమినార్ హాళ్లలో కాస్త మెత్తబడి, పరిభాష తొడుక్కుని వస్తుంది. "పరిహార రాజకీయాలు ఉద్యమాన్ని నీరుగార్చాయి" అంటారు. "నెత్తుటికి వెల కట్టించుకున్నారు" అంటారు. అనేవాళ్లు అభ్యుదయవాదులు, కొన్నిసార్లు స్త్రీవాదులు కూడా. నెలాఖరుకు జీతం చేతికొచ్చేవాళ్లం, చనిపోయినవాడి భార్య సంతకం పెట్టిన చెక్కును చూసి సిగ్గుపడుతున్నాం. ఆ సిగ్గు ఎవరిది, ఎవరి తరఫున పడుతున్నాం అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ముందు ఒక పోలిక. 1999లో కార్గిల్ యుద్ధంలో చనిపోయిన సైనికుల భార్యలకు ప్రభుత్వం నగదు ఇచ్చింది, పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలు కేటాయించింది. ఇవ్వాల్సిందే. ఆ డబ్బు చుట్టూ అత్తిళ్లలో తగాదాలు రేగాయి. డబ్బు గడప దాటిపోకుండా మరిదికిచ్చి పెళ్లి చేయాలని ఒత్తిడి తెచ్చారని కూడా చదివాం. అదంతా మనం రాయాల్సిన మరో కథ. కానీ ఒక్కటి గమనించండి. ఆ స్త్రీలను చూసి "మొగుడి చావును అమ్ముకున్నారు" అని ఈ దేశంలో ఏ పెద్దమనిషీ అనలేదు. యుద్ధంలో పోయిన ప్రాణానికి రాజ్యం చెల్లిస్తే దాని పేరు గౌరవం. మాదిగపల్లెలోనో మాలపల్లెలోనో పోయిన ప్రాణానికి చెల్లిస్తే దాని పేరు బేరం. చెల్లించే ఖజానా ఒకటే అయినా పేరు మారడానికి కారణం, మొదటిదాన్ని యుద్ధమని ఒప్పుకుని రెండోదాన్ని 'గొడవ' అనడమే.

గొడవేనా అది? 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాముల గుంపు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురు మగవాళ్లను చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు పొలాలకు అడ్డంపడి చీరాల చేరుకుని చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఊరికి తిరిగి వెళ్లలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ అయ్యారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. అంతకు ముందు నెలరోజులుగా సాంఘిక బహిష్కరణ నడుస్తోంది. ఆ మర్నెలలో పోలీసు కాల్పుల్లో మరో యువకుడు పోయాడు. ముట్టడి, ఊచకోత, శిబిరం, కాందిశీకులు, శవాల కోసం వెతుకులాట - యుద్ధానికి ఇంకేం కావాలి? రెండు సైన్యాలు కావాలంటారేమో. ఇక్కడ ఒకవైపే సైన్యం ఉంది. ఊళ్లో పోలీసు పికెట్ కూడా ఉంది.

అందుకే ఇక్కడ జరిగిన నష్టాన్ని నేను యుద్ధనష్టం అంటాను. ఆ నష్టానికి పరిహారం అడగడాన్ని బాకీ వసూలు అంటాను. పౌరుల ప్రాణాలు కాపాడతానని రాజ్యాంగం రాసుకున్న రాజ్యం కాపాడలేదు. అప్పటినుంచీ అది బాకీ పడింది. హంతకుడికి శిక్ష పడినా ఆ బాకీ తీరదు, పడకపోయినా పోదు. ఈ రెంటినీ ముడివేసిన పాపం చట్టానిదైతే, ఆ ముడిని మన నైతికతగా మార్చుకున్న పాపం మనది.

చట్టం సంగతి చూద్దాం. కారంచేడు తర్వాత లేచిన ఉద్యమం వెనక ఉండబట్టే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎవరికెంత ఇవ్వాలో చెప్పే నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ నిబంధనల చివరి పట్టికను ఒక సాహిత్య పాఠంలా చదవమని మన పరిశోధక మిత్రులను కోరుతున్నాను. చనిపోయినవారు సంపాదనపరులైతే కనీసం రెండు లక్షలు, సంపాదన లేనివారైతే కనీసం లక్ష. అందులో డెబ్బై ఐదు శాతం శవపరీక్ష తర్వాత, మిగిలిన ఇరవై ఐదు శాతం కింది కోర్టులో శిక్ష పడ్డాక. అత్యాచారానికి యాభై వేలు. సగం వైద్య పరీక్ష అయ్యాక, సగం విచారణ ముగిశాక.

ఈ నాలుగు వాక్యాల్లో ఆడదాని గురించి రాజ్యానికున్న అవగాహన అంతా ఉంది. సంపాదనపరుడంటే ఎవరు? తెల్లారుజామున వండి, పిల్లలకు పెట్టి, కూలికి పోయి, సాయంత్రం పుల్లలు ఏరుకొచ్చి మళ్లీ వండే మనిషి సంపాదనపరురాలా కాదా? ఏ మస్టరు మీద ఆమె పేరుంది? ఆమె కూలి ఏ కాగితం మీద ఉంది? 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల చాకిరీని నెలకు మూడు వేలుగా లెక్కగట్టడానికి సుప్రీంకోర్టుకు 2001 దాకా పట్టింది. లతా వాధ్వా కేసు అది. కోర్టు మెట్లెక్కగలిగిన కుటుంబాల స్త్రీల సంగతే అలా ఉంటే, పల్లె స్త్రీ సంపాదనను శవపరీక్ష గది బయట కూర్చుని తేల్చేదెవరు? మనిషి ప్రాణాన్ని సంపాదనతో తూచే ఈ తేడా 2016 సవరణతో గానీ పట్టికలోంచి పోలేదు. ఇప్పుడు మొత్తం ఎనిమిది లక్షల పాతికవేలు. సగం శవపరీక్ష తర్వాత, సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. శిక్షతో ముడి తెగింది. ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది తెగడానికి.

ఆ ముడి ఎంత ప్రమాదమైనదో మన జిల్లాలే చెబుతాయి. కారంచేడు కేసు సెషన్స్ కోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు పాకి 2008 డిసెంబరుకు గానీ ముగియలేదు. ఇరవై మూడేళ్లు. చివరికి ఒకరికి యావజ్జీవం, ఇరవై తొమ్మిది మందికి మూడేళ్ల జైలు. చుండూరు కేసులో విచారణ మొదలవడానికే పదమూడేళ్లు పట్టింది. 2007 జూలై 31న ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై ఐదు మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎనిమిది మంది చచ్చిపోయారన్నది నిజం, ఎవరు చంపారన్నది మాత్రం తేలలేదన్నమాట. శిక్ష పడితేనే పరిహారానికి అర్హత అనే తర్కాన్ని పట్టుకుంటే, ఆ రోజుతో ఆ విధవల నష్టం కూడా 'రుజువు కాని' నష్టమైపోవాలి. "డబ్బు తీసుకున్నారు కదా" అనేవాళ్ల తర్కం దీనికి తలకిందులు రూపం. డబ్బు అందింది గనక కేసు గురించి మాట్లాడే హక్కు పోయిందంటారు. శిక్ష లేకపోతే డబ్బు లేదు, డబ్బు తీసుకుంటే శిక్ష అడగొద్దు. ఆ స్త్రీ ఎటు తిరిగినా ఓడిపోయేలా కట్టిన దొడ్డి ఇది.

నిబంధనల్లో నన్ను బాగా ఆలోచింపజేసినది మాత్రం పరిహారం పట్టిక కాదు, పదకొండో నిబంధన. కోర్టుకు వచ్చే బాధితులకు, సాక్షులకు ప్రయాణపు ఖర్చులు, రోజుభత్యం ఇవ్వాలంటుంది అది. సాక్షి స్త్రీ అయితే ఆమె తనకు నచ్చిన మనిషిని వెంట తెచ్చుకోవచ్చు, ఆ మనిషి ఖర్చు కూడా ప్రభుత్వమే భరించాలంటుంది. మన భాషలో దీనికి ఒక మాట ఉంది, తోడు. పొలానికి తోడు, ఆస్పత్రికి తోడు, పొద్దుగూకాక చెరువుగట్టుకు తోడు. చట్టం ఈ ఒక్క చోట, బహుశా తనకు తెలియకుండానే, ఆడవాళ్ల జీవితాన్ని నడిపే వ్యవస్థను గుర్తుపట్టింది.

ఆ వ్యవస్థ ఎక్కడుందో ఈ నేల మీద బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పత్తి తీతకైనా, మిరప కోతకైనా, వరి నాట్లకైనా ఆడకూలీలు ముఠాగా పోతారు. ముఠాలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఆమె సాలు పూర్తిచేస్తారు. బాలింత పిల్లను ముసలమ్మ చెట్టుకింద ఉయ్యాల్లో ఊపుతుంది. చేబదులు, బియ్యం బదులు, చీర బదులు ఇక్కడే జరుగుతాయి. ఆదివారం చర్చిలో, స్త్రీల కూడికలో కూర్చునేదీ వీళ్లే. ఊరు బహిష్కరణ పెట్టిననాడు ఆ ఊరి పొలాల్లో పని పోతుంది, కొట్లో సరుకు పోతుంది. అప్పుడు ఏ దూరపు ఊళ్లో పని దొరుకుతుందో కనుక్కునేది, నలుగురిని కూడగట్టుకుని పోయేది ఈ ముఠాయే. శిబిరంలో పొయ్యి వెలిగించింది, గాయపడినవాళ్లకు కట్టు మార్చింది, తండ్రి పోయిన పిల్లలను పక్కలో వేసుకుంది ఎవరో చెప్పడానికి పీహెచ్‌డీ అవసరం లేదు. ఇరవై మూడేళ్లు ఒక కేసు బతకాలంటే వకీళ్లు కావాలి, నాయకులు కావాలి. వాయిదాకు పోయిన మనిషి పిల్లలకు ఆ పూట అన్నం పెట్టే పక్కింటి మనిషి కూడా కావాలి. మన ఉద్యమ చరిత్రల్లో మొదటి ఇద్దరూ ఉన్నారు. మూడో మనిషి లేదు.

ఉన్న స్త్రీలు కూడా ఎలా ఉన్నారు? కారంచేడు అనగానే మనకు రెండు పేర్లు గుర్తొస్తాయి. జూలై 16న మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నందుకు మీద పడ్డవాళ్ల ఎదుట బిందె ఎత్తిన మున్నంగి సువార్త. కళ్లారా చూసింది చెప్పడానికి సిద్ధపడి, కేసు తేలకముందే ప్రాణం పోగొట్టుకున్న దుడ్డు అలీసమ్మ. ఒకరు ప్రతీక అయ్యారు, ఒకరు అమరురాలయ్యారు. కవిత్వానికి ఇంతకంటే ఏం కావాలి? 1985 తర్వాత తెలుగు దళిత సాహిత్యం ఆ బిందెను ఎన్నిసార్లు ఎత్తిందో లెక్కలేదు. ఎత్తాల్సిందే. కానీ ఆ బిందె ఒక ఇంటి వస్తువు, అందులో నీళ్లు ఒక పూట వంటకు. ఆ చెరువును వదిలేసి చీరాల వచ్చాక ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి, ఎవరు మోశారు, అందుకు ఎన్ని పనిదినాలు పోయాయి? ప్రతీక దగ్గర ఆగిపోయిన సాహిత్యం ఈ ప్రశ్న అడగలేదు. మనం స్త్రీని ప్రతీకగా చేసినంత సులువుగా హక్కుదారుగా చూడలేకపోతున్నాం. ప్రతీక ఏమీ అడగదు కదా. హక్కుదారు కాగితం పట్టుకుని అడుగుతుంది, అదీ మన ఇబ్బంది.

స్త్రీలు కూడినంత మాత్రాన అది విముక్తి కూడిక అయిపోదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చుండూరు హత్యల తర్వాత ఆధిపత్య కులాల స్త్రీలు రోడ్ల మీదకు వచ్చారు. దళిత యువకులు తమను అల్లరిపెట్టారని, తమ మగవాళ్లు చేసింది పరువు కోసమేనని వాదించారు. అంతదాకా గడప దాటనివ్వని స్త్రీలను, హంతకుల ముందు డాలుగా నిలబెట్టడానికి అదే కుటుంబాలు బయటికి పంపాయి. దీని గురించి వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ అదే సంవత్సరం ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. కులం, జెండర్ ఒకదాన్ని ఒకటి ఎలా నడిపిస్తాయో చెప్పిన తొలి వ్యాసాల్లో అదొకటి. చుట్టరికం, పేరంటం, పరువు దారాలతో అల్లిన ఆ కూడిక కూడా స్త్రీల కూడికే. 'సోదరీత్వం' అనే మాటను అలవోకగా వాడే మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఏ చెరువు నీళ్లు తాగే సోదరి? ఎవరి పొలంలో వంగే సోదరి?

ఇక పరిహారాన్ని తిరస్కరించాలా, తీసుకోవాలా అన్న వాదన. ఇది మన ఒక్కరి సమస్య కాదు. చుండూరు జరిగిన ఎనిమిది రోజులకు, 1991 ఆగస్టు 14న, సియోల్‌లో కిమ్ హక్ సున్ అనే స్త్రీ విలేకరుల ముందుకు వచ్చి, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం తనను లైంగిక బానిసగా చేసిందని పేరుతో సహా చెప్పింది. అర్ధశతాబ్దపు మౌనం తర్వాత ఆమె నోరు తెరవగలగడానికి వెనక కొరియా మహిళా సంఘాలు 1990లో కట్టుకున్న ఐక్యవేదిక ఉంది. 1992 జనవరి 8 నుంచి జపాన్ రాయబార కార్యాలయం ముందు ప్రతి బుధవారం వాళ్లు నిలబడ్డారు. 1995లో జపాన్ ఆసియా మహిళా నిధి పెట్టి, ప్రజల విరాళాలతో మనిషికి ఇరవై లక్షల యెన్‌లు ఇస్తామంది. ఎక్కువ మంది కొరియా స్త్రీలు వద్దన్నారు. వాళ్ల అభ్యంతరం డబ్బు మీద కాదు. విరాళం దయ అవుతుంది, ఖజానాలోంచి చట్టబద్ధంగా ఇస్తే బాకీ ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తేడా కోసం ముసలి వయసులో పేదరికాన్ని భరించారు.

ఈ కథను మనవాళ్లు ఇక్కడివరకే చెబుతారు. రెండో సగం ఉంది. 1997లో ఏడుగురు కొరియా స్త్రీలు ఆ నిధి సొమ్ము తీసుకున్నారు. తీసుకున్నందుకు తోటి ఉద్యమకారుల నుంచే మాటలు పడ్డారు. ఆ మరుసటి ఏడు కొరియా ప్రభుత్వం తానుగా ఇచ్చిన సాయంలోంచి కూడా వాళ్లను పక్కన పెట్టారు. యవ్వనాన్ని సైన్యం లాక్కుంది, ముసలితనంలో ఒక సంతకాన్ని ఉద్యమం తప్పుపట్టింది. వద్దనే హక్కు ఎంత గొప్పదో, అవసరమై తీసుకునే హక్కు కూడా అంతే. తిరస్కారాన్ని సామూహిక నిర్ణయంగా తీసుకోవచ్చు, అందుకు తగిన బతుకుతెరువు ఆ సమూహం చూపగలిగితే. అది చూపకుండా త్యాగం మాత్రం వడ్డించడం పురుషోద్యమాల పాత అలవాటు. దాన్ని మనం వారసత్వంగా తీసుకోనక్కర్లేదు.

నాకొక అభ్యంతరం ఎదురవుతుందని తెలుసు. పరిహారాన్ని రాజీకి ఎరగా వాడరా? వాడతారు. పెద్దమనుషులు వస్తారు, కేసు వదిలితే ఇంత ముట్టజెబుతామంటారు. సాక్షి మీద ఒత్తిడి తెస్తారు. అది నిజం. కానీ నిందితుడి జేబులోంచి చాటుగా వచ్చే సొమ్ము, ఖజానాలోంచి రశీదు మీద వచ్చే సొమ్ము ఒకటి కావు. మొదటిది సాక్షి నోరు మూయడానికి. రెండోది సాక్షి నిలబడడానికి. పూట గడవని మనిషినే మొదటిదానికి లొంగదీయగలరు. చట్టప్రకారం రావాల్సింది వేళకు చేతికందితే రాజీదారుకు ఆ ఇంట్లో పనుండదు. కాబట్టి పరిహారాన్ని చిన్నచూపు చూసేవాళ్లు తెలిసో తెలియకో ఆ రాజీదారుకే దారి వేస్తున్నారు.

చుండూరు ప్రజలకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. కోర్టును ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు వాళ్లు. దేశంలో హత్యాకాండ జరిగిన చోటే ఇలాంటి ప్రత్యేక కోర్టు కూర్చోవడం అదే మొదలు. దాన్ని మనం న్యాయచరిత్రలో మైలురాయిగా చెప్పుకుంటాం. కూలికి పోయే స్త్రీ వైపునుంచి చూడండి. కోర్టు గుంటూరులో ఉంటే ప్రతి వాయిదాకూ ఒక కూలి రోజు, రానూపోనూ బస్సు చార్జీ, పిల్లల్ని చూసే మనిషి. పైగా బస్టాండులో, కోర్టు వసారాలో నిందితుల బంధువుల చూపుల మధ్య పొద్దంతా నిలబడడం. ఊళ్లో అయితే తోడు గడప దగ్గరే ఉంటుంది. హతులను ఊరి మధ్యే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నవాళ్లు, సాక్ష్యం కూడా ఆ నేలమీదే చెప్పుకున్నారు. 2014 తీర్పు సాక్ష్యాల్లో పొంతన లేదంది. పదమూడేళ్లు ఆలస్యం చేసింది ఎవరు, ఆ పదమూడేళ్లూ జ్ఞాపకాన్ని చెదిరిపోకుండా పట్టుకుంది ఎవరు? ఆ జ్ఞాపకాన్ని కాపాడిన చాకిరీకి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఆ గడి గీయమని అడగడం మన పని. స్పష్టంగానే అడుగుదాం. పరిహారాన్ని ఏ దశలోనూ తీర్పుతో ముడిపెట్టకూడదు. అత్యాచార బాధితురాలికి ఇచ్చేదాంట్లో కొంత ఇప్పటికీ విచారణ ముగిసేదాకా ఆగుతోంది, అదీ పోవాలి. సాంఘిక బహిష్కరణ ఇప్పుడు పరిహారం వర్తించే నేరమే గనక, అందులో పోయిన ఆడకూలీల పనిదినాలను ముఠావారీగా లెక్కగట్టాలి. సాక్షి భత్యం, తోడు వచ్చిన మనిషి భత్యం వాయిదా రోజే కోర్టు ఆవరణలోనే అందాలి. పరిహారం ఎవరి పేరున వచ్చినా ఇంట్లోని స్త్రీ ఖాతాకు చేరాలి. ఇవి విప్లవ నినాదాలు కావు. కలెక్టరాఫీసులో అర్జీగా పెట్టదగిన మాటలు. అందుకే మన వ్యాసాల్లో వీటికి చోటు దొరకదు.

కారంచేడు, చీరాల, చుండూరు మూడూ 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. దస్త్రాలు జిల్లాలు మారాయి. 1985లో పాతికేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు అరవైలు దాటారు. ఎవరు ఎవరికి తోడు వెళ్లారు, ఎన్నాళ్లు పని పోయింది, ఏ అప్పు ఎలా తీర్చారు అన్నది వాళ్ల నోట మాత్రమే ఉంది, ఏ కోర్టు తీర్పులోనూ లేదు. దాన్ని రాసిపెట్టే శిక్షణ విశ్వవిద్యాలయాలు మనకిచ్చాయి. సెమినార్లలో నెత్తుటి ధర గురించి తీర్పులు చెప్పే తీరిక ఉన్న మనకు, ఒక ముసలామె పక్కన కూర్చుని పోయిన పనిదినాలు లెక్కరాసే తీరిక కూడా ఉండాలి. రాసి ఊరుకోకూడదు. ఆ లెక్క పట్టుకుని ఆమె కలెక్టరాఫీసు మెట్లెక్కే రోజున, మాట్లాడేది ఆమే అయినా, తోడు మనం వెళ్లాలి.